రేపటి కొలతలతో కట్టిన స్టేషన్: ఒసాకాలోని షిన్‌సాయ్‌బాషి

జపాన్‌లో ఒక నగరపాలక సంస్థ తానే నిర్మించి తానే నడిపిన మొట్టమొదటి భూగర్భ రైలుమార్గం 1933 మే 20న ఒసాకా నగరంలో మొదలైంది. ఉత్తరాన రైల్వే కూడలి అయిన ఉమెదా నుంచి దక్షిణాన వర్తక కేంద్రమైన షిన్‌సాయ్‌బాషి వరకు దాని నిడివి 3.1 కిలోమీటర్లు మాత్రమే. ఆనాడు ఆ మార్గంలో తిరిగినవి ఒంటి పెట్టె రైళ్లు. అవి వచ్చి ఆగిన ప్లాట్‌ఫాంలు మాత్రం పదికి తక్కువ కాని పెట్టెలున్న రైలు నిలవగలిగేంత పొడవుతో, వాటి మీది కప్పు మధ్యలో ఒక్క స్తంభం కూడా లేని ఎత్తైన కమానుతో నిర్మితమయ్యాయి. ఈ పొంతన లేని కొలతలను ఆ కాలపు ఆడంబరంగానో, వాస్తుశిల్పి అభిరుచిగానో వివరించి వదిలేయడం సులభమే గాని, షిన్‌సాయ్‌బాషి స్టేషన్ చరిత్రను దగ్గరగా చూస్తే, ఆ ఎత్తూ ఆ పొడవూ ముందుగా ఒక ఆర్థిక నిర్ణయమని తేలుతుంది. ఒక తరం మీద పన్ను వేసి, అప్పటికి ఇంకా పుట్టని తరాలకు చోటు సిద్ధం చేయాలన్న నిర్ణయం అది.

స్టేషన్‌కు ఆ పేరు ఒక వంతెన నుంచి వచ్చింది. 17వ శతాబ్దం తొలినాళ్లలో యుద్ధాల అనంతరం ఒసాకాను పునర్నిర్మించిన కాలంలో, సరుకుల రవాణా కోసం వర్తకులే సొంత ఖర్చుతో కాలువలు తవ్వించేవారు. 1622 ప్రాంతంలో తవ్విన నగహొరి కాలువ అలాంటిదే. దాని తవ్వకంలో పాలుపంచుకున్న ఒకాదా షిన్‌సాయ్ అనే వర్తకుడి పేరుమీదనే కాలువపై వేసిన చెక్క వంతెనను షిన్‌సాయ్ వంతెన, అంటే షిన్‌సాయ్‌బాషి, అన్నారు. వంతెనకు దక్షిణంగా సాగిన సన్నని వీధి క్రమేణా బట్టల దుకాణాలకు, పుస్తకాల అంగళ్లకు పేరుపొందింది. తర్వాతి కాలంలో దైమారు అనే పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్‌గా ఎదిగిన వస్త్ర వ్యాపారం ఈ వీధిలో 1726లో అడుగుపెట్టింది. సొగో సంస్థ 1877లో ఇక్కడికి తరలివచ్చింది. చెక్క వంతెన స్థానంలో 1873లో జర్మనీ నుంచి తెప్పించిన ఇనుప వంతెన, 1909లో రాతి వంతెన వచ్చాయి. ఈ రెండు వంతెనల ప్రస్తావన మళ్లీ రావలసి ఉంటుంది, ఎందుకంటే కాలువ పోయినా వంతెనలు పూర్తిగా పోలేదు.

20వ శతాబ్దపు రెండవ, మూడవ దశకాల్లో ఒసాకా నూలు మిల్లుల నగరం. తూర్పుదేశపు మాంచెస్టర్ అన్న పేరు దానికి ఊరికే రాలేదు. ఆ పేరుతోపాటు పొగ, ఇరుకు ఇళ్లు, క్షయ వ్యాధి కూడా వచ్చాయి. 1925లో చుట్టుపక్కల గ్రామాలను కలుపుకోవడంతో నగర జనాభా 21 లక్షలు దాటి, భూకంపం దెబ్బనుంచి కోలుకుంటున్న టోక్యోను కొంతకాలం మించిపోయింది. ఈ పెరుగుదలను నడిపించిన వ్యక్తి సెకి హజిమే. 1873లో ఇజు ప్రాంతంలో పుట్టి, టోక్యోలోని ఉన్నత వాణిజ్య పాఠశాలలో ఆచార్యుడిగా పనిచేసి, ఐరోపాలో రవాణా విధానాన్నీ వాణిజ్య విధానాన్నీ అధ్యయనం చేసి వచ్చిన ఆయన, 1914లో ఒసాకాకు ఉపమేయర్‌గా వచ్చాడు. 1923 చివర్లో మేయరై, 1935 జనవరిలో మరణించేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. గృహవసతికీ నగర ప్రణాళికకూ మధ్య ఉన్న సంబంధం మీద పుస్తకం రాసిన ఆర్థికవేత్త మేయర్ కావడం ఆ నగరానికి దక్కిన అదృష్టమని చెప్పక తప్పదు. శ్రామికులు మిల్లు పొగకు దూరంగా, గాలీ వెలుతురూ ఉన్న శివార్లలో ఇల్లు కట్టుకోవాలంటే, అక్కడినుంచి పనికి చవకగా, వేగంగా చేరగలిగే సాధనం ఉండాలి. ఆ సాధనాన్ని లాభాపేక్ష గల కంపెనీకి అప్పగిస్తే లాభం వచ్చే వీధులకే అది పరిమితమవుతుంది అన్నది ఆయన వాదనలోని సారం.

ఈ వాదనకు ఒసాకాలో అప్పటికే ఒక పునాది ఉంది. 1903లో రేవుకు వెళ్లే దారిలో ట్రామును నడిపి, నగరపాలక సంస్థ ఆధ్వర్యంలో ట్రాములు తిరిగిన తొలి జపాన్ నగరంగా ఒసాకా నిలిచింది. ట్రాముల రాబడితో వీధులు వెడల్పు చేయడం, వంతెనలు కట్టడం ఆ నగరానికి అలవాటైన పద్ధతి. నగరం లోపలి రవాణా నగరం చేతిలోనే ఉండాలని, ప్రైవేటు రైలు కంపెనీలు పొలిమేర దగ్గరే ఆగిపోవాలని పట్టుబట్టిన ఈ విధానం ఎన్నో దశాబ్దాలు కొనసాగింది. టోక్యోలో 1927 డిసెంబరు 30న ఉఎనో, అసకుసాల మధ్య మొదలైన జపాన్ తొలి భూగర్భ రైలు, హయకవా నొరిత్సుగు అనే పారిశ్రామికుడు వాటాదారుల డబ్బుతో కట్టిన ప్రైవేటు మార్గం. వాటాదారులకు జవాబు చెప్పుకోవలసిన కంపెనీ ఈనాటి ప్రయాణికుల లెక్క చూసుకుని స్టేషన్ కొలతలు నిర్ణయించుకుంటుంది. అందుకే టోక్యో తొలి మార్గంలోని స్టేషన్లలో కప్పు తలకు దగ్గరగా ఉంటుంది, స్తంభాలు ఒత్తుగా ఉంటాయి. రెండు నగరాల మధ్య తేడా ఇక్కడే మొదలైంది.

భూగర్భ రైలుకు ముందే దాని పైన రావలసిన రహదారి ప్రణాళిక తయారైంది. మిదోసుజి అన్నది అప్పటికి సెన్‌బా వర్తకవాడ గుండా ఉత్తర దక్షిణాలుగా సాగే, సుమారు 6 మీటర్ల వెడల్పున్న ఒక మామూలు వీధి. దాన్ని సుమారు 44 మీటర్ల వెడల్పుకు, 4 కిలోమీటర్ల పొడవుకు పెంచి, ఉమెదా నుంచి నంబా దాకా ఒకే సూటిదారిగా చేసి, దాని కిందుగా రైలు నడపాలన్నది ప్రతిపాదన. నగరం నడిబొడ్డున మేయరు విమానాశ్రయం కడతాడా అని జనం ఎగతాళి చేశారన్న మాట ఒసాకాలో ఈనాటికీ చెప్పుకుంటారు. ఎగతాళి కంటే బలమైన అడ్డంకి డబ్బు. 1919 నాటి నగర ప్రణాళికా చట్టం కల్పించిన ఒక వెసులుబాటును సెకి యంత్రాంగం ఇక్కడ వాడుకుంది: రహదారి వల్ల, రైలు వల్ల ఎవరి స్థలాల విలువ పెరుగుతుందో వారినుంచే ఖర్చులో కొంత భాగం రాబట్టడం. తెలుగు పట్టణాల్లో మునిసిపాలిటీలు వసూలు చేసే బెటర్‌మెంట్ చార్జీలది కూడా ఈ సూత్రమే. ఒసాకాలో దాన్ని రహదారికే పరిమితం చేయక భూగర్భ రైలుకూ వర్తింపజేశారు. స్థలాల యజమానులు గట్టిగా ప్రతిఘటించారు. రోడ్డు కోసం స్థలం ఇచ్చినవారే ఆ రోడ్డు కోసం డబ్బూ చెల్లించాలా అన్న వారి ప్రశ్న అన్యాయమైనదేమీ కాదు. అయితే మిగిలిన సొమ్మును ఋణపత్రాలు జారీ చేసి సమకూర్చుకోవలసిన నగరానికి, ఆ సుంకం లేకుండా పని మొదలయ్యేది కాదు.

రహదారి పని 1926లో, సొరంగం పని 1930 జనవరిలో మొదలయ్యాయి. అది ప్రపంచ మాంద్యం జపాన్‌ను కుదిపేస్తున్న సమయం. నిరుద్యోగులకు పని కల్పించే ప్రభుత్వ పథకం కింద ఈ తవ్వకానికి అనుమతి, ఆసరా లభించాయి కాబట్టి, యంత్రాలతో చేయదగిన పనిని కూడా చాలావరకు పారలూ గంపలూ పట్టిన మనుషులే చేశారు. అనుసరించింది తవ్వి కప్పే పద్ధతి: వీధి పొడవునా ఇరువైపులా ఉక్కు పలకలను నేలలోకి దించి, వాటి మధ్య మట్టిని తోడి, అడుగున కాంక్రీటు పెట్టెలాంటి సొరంగం కట్టి, పైన మళ్లీ మట్టి కప్పి రోడ్డు వేయడం. వినడానికి తేలికగా ఉన్నా, నదులు మోసుకొచ్చిన ఇసుకా బురదా పేరుకుని ఏర్పడిన ఒసాకా నేలలో కొద్దిపాటి లోతుకే నీరు ఊరుతుంది. పైగా మార్గం దొజిమా, తొసబొరి నదుల కిందుగానూ, షిన్‌సాయ్‌బాషి దగ్గర నగహొరి కాలువ కిందుగానూ పోవాలి. పైన వీధినీ కింద సొరంగాన్నీ ఒకే యాజమాన్యం, ఒకే కాలంలో నిర్మించడం వల్ల వెడల్పాటి గుంత తవ్వడానికి చోటు దొరికింది, ఆ చోటే స్టేషన్ ఆకృతికి వీలు కల్పించింది.

ఈ ఆకృతిని కొంత వివరంగా చూడాలి. నీటి కాలువల కిందుగా దిగవలసి రావడంతో ప్లాట్‌ఫాం లోతుగా పడుతుంది. లోతైన గుంతలో తక్కువ ఎత్తు కప్పు వేస్తే, ఆ కప్పుకూ రోడ్డుకూ మధ్య మిగిలే ఖాళీనంతా మట్టితో నింపాలి. అలా మట్టికి పోయే ఎత్తును ప్రయాణికులకు ఇవ్వడానికి కమాను కప్పు తోడ్పడింది. కమాను పైనున్న మట్టి బరువునూ వాహనాల బరువునూ పక్క గోడల మీదికి మళ్లిస్తుంది కనుక మధ్యలో స్తంభాల అవసరం ఉండదు. రెండు పట్టాల మధ్య ద్వీపంలా ఉన్న ఒకే ప్లాట్‌ఫాం మీద నిలుచున్న మనిషి ఆ చివర నుంచి ఈ చివర దాకా చూడగలడు. క్యోటో విశ్వవిద్యాలయంలో వాస్తుశాస్త్ర ఆచార్యుడైన తకెదా గొఇచి ఈ మార్గపు స్టేషన్ల రూపకల్పనలో పాలుపంచుకున్నాడు. ఉమెదా, యొదొయాబాషి, షిన్‌సాయ్‌బాషి కమానుల కింద వేలాడదీసిన పెద్ద దీపగుచ్ఛాలు ఒసాకా భూగర్భ రైలుకు గుర్తుగా మిగిలాయి. గాలి ఆడకపోవడం, ఉక్కపోత, నేల కిందికి దిగాలంటే కలిగే జంకు తొలినాటి భూగర్భ రైళ్లన్నిటినీ వేధించిన సమస్యలు. వాటికి ఎత్తైన కప్పు కన్నా మంచి జవాబు ఆ రోజుల్లో లేదు. అలంకారం అనిపించేదానికి ఇక్కడ పని ఉంది.

షిన్‌సాయ్‌బాషికి మరొక సౌలభ్యం కూడా ఉంది. అదే 1933లో, అమెరికా నుంచి వచ్చి జపాన్‌లో స్థిరపడిన విలియం మెరెల్ వోరీస్ రూపొందించిన దైమారు భవనం మిదోసుజి వైపున పూర్తయింది. దాని పక్కనే మురానో తోగో రూపొందించిన సొగో భవనం 1935లో లేచింది. పాత వర్తకవీధి సన్నని దారికి ముఖం పెట్టిన ఈ సంస్థలు రెండూ కొత్త రాచబాట వైపు తిరిగి నిలిచాయి, నేల కింది నుంచి కొనుగోలుదారులను రాబట్టుకున్నాయి. సుంకం వేసేటప్పుడు నగరం చెప్పిన స్థలాల విలువ పెరుగుదల ఇక్కడ కంటికి కనిపించేలా రుజువైంది.

ప్రారంభోత్సవానికి ముందు రైలు పెట్టెలను ఎద్దులతో లాగించి తెచ్చి, సొరంగంలోకి తెరిచి ఉంచిన దారిన కిందికి దించారు. విద్యుత్తును పట్టాల పక్కన వేసిన మూడో పట్టా ద్వారా అందించే 750 వోల్టుల వ్యవస్థ అది. పై తీగల అవసరం లేదు కనుక సొరంగం ఎత్తు తగ్గింది. టికెట్టు ధర 10 సెన్‌లు, అంటే యెన్‌లో పదో వంతు. రైలు ఒంటి పెట్టెతో తిరుగుతుంటే పొడవాటి ప్లాట్‌ఫాం ఎక్కువ భాగం ఖాళీగా ఉండేది, దాన్ని చూసి దుబారా అన్నవారికి ఆ రోజున చూపగలిగిన సమాధానం ఏదీ లేదు. మార్గం 1935 అక్టోబరులో నంబాకు, 1938 ఏప్రిల్‌లో తెన్నోజికి సాగడంతో షిన్‌సాయ్‌బాషి చివరి స్టేషన్ హోదా కోల్పోయి మధ్య స్టేషన్ అయింది. మిదోసుజి రహదారి 1937లో పూర్తయ్యేనాటికి సెకి చనిపోయి రెండేళ్లు దాటింది. జింకో చెట్ల వరుసలతో తీరిన ఆ బాటను ఆయన చూడలేదు.

యుద్ధం ముదిరేకొద్దీ సిమెంటూ ఉక్కూ సైన్యానికి పోయి సొరంగాల విస్తరణ ఆగిపోయింది. 1937 నాటి వాయుదాడి రక్షణ చట్టాన్ని 1941లో సవరించి, బాంబులు పడుతున్నప్పుడు నగరవాసులు పారిపోరాదని, నిలబడి మంటలు ఆర్పాలని విధించారు. దానికి తగినట్టే, భూగర్భ రైలు స్టేషన్లలో జనం తలదాచుకోవడాన్ని ప్రభుత్వం ఆమోదించలేదు. లండన్ ప్రజలు 1940లో భూగర్భ స్టేషన్లలో రాత్రులు గడిపిన సంగతి ప్రపంచమంతటికీ తెలిసినా జపాన్ విధానం వేరుగా ఉండిపోయింది. 1945 మార్చి 13 అర్ధరాత్రి ముందు నుంచి తెల్లవారుజాము దాకా సుమారు మూడున్నర గంటలపాటు 274 బి-29 విమానాలు ఒసాకా మీద అగ్నిబాంబులు కురిపించాయి. చనిపోయినవారు దాదాపు 4,000 మంది. బూడిదైన ఇళ్లు లక్షను మించాయి. నగరం దక్షిణ మధ్య భాగం, అంటే షిన్‌సాయ్‌బాషి పరిసరాలు, చెక్క ఇళ్లతో ఒత్తుగా ఉన్న చోటు కావడంతో ఇరువైపుల నుంచీ మంటలు కమ్ముకున్నాయి.

ఆ రాత్రి స్టేషన్‌లో జరిగింది అధికారిక దస్త్రాల్లో నమోదు కాలేదు. దాన్ని చరిత్రకు అందించినవి బతికి బయటపడినవారి జ్ఞాపకాలు. 1990లలో ఒసాకా వార్తాపత్రికల్లో ఈ విషయం ప్రస్తావనకు రాగా, ఆనాడు పిల్లలుగానో యువతులుగానో ఉన్నవారు ఉత్తరాలు రాశారు. వాటిని పక్కపక్కన పెట్టి చదివితే ఒక రూపం తేలింది. మిదోసుజి మీదికి పరుగెత్తుకొచ్చిన జనానికి స్టేషన్ తలుపులు తెరుచుకున్నాయి. మెట్లు దిగినవారికి కింద దీపాలు వెలుగుతూ కనిపించాయి. సాధారణంగా రైళ్లు ఆగిపోయి ఉండవలసిన ఆ వేళలో రైలు వచ్చి, వారిని ఉత్తరాన మంటలు చేరని ఉమెదా వైపు తీసుకుపోయింది. నియమం ఒకటి ఉండగా దానికి భిన్నంగా తలుపు తెరిచిన ఉద్యోగులు ఎవరో, ఆ రైలును నడిపినవారెవరో పేర్లతో సహా తెలియకపోవడానికి కారణం ఊహించవచ్చు: అలాంటి పనిని కాగితం మీద పెట్టడం ఆ రోజుల్లో ఎవరికీ క్షేమం కాదు. జపాన్ జాతీయ ప్రసార సంస్థ 2013-14లో ప్రసారం చేసిన ‘గొచిసోసాన్’ అనే ధారావాహికలో ఈ ఘట్టం చేరాక దేశమంతా దాన్ని తెలుసుకుంది. జ్ఞాపకాల్లో గంటలూ నిమిషాలూ ఒకదానితో ఒకటి కలవకపోవడాన్ని పట్టుకుని మొత్తాన్నే కొట్టిపారేయడం చరిత్రకారుడికి తగదు. ఒకరినొకరు ఎరగని అంతమంది ఒకే దిశలో వెళ్లిన ఒకే రకం రైలును గుర్తుపెట్టుకోవడమే ఇక్కడ గట్టి ఆధారం. ఒంటి పెట్టె రైలుకు మరీ పెద్దదని అనిపించిన ప్లాట్‌ఫాం మీద ఆ తెల్లవారుజామున ఎంతమంది నిలబడ్డారో లెక్క లేదు, కాని నిలబడడానికి చోటుంది.

యుద్ధంతో ఆగిన మార్గం 1951లో తెన్నోజికి దక్షిణంగా మళ్లీ ముందుకు సాగింది. అక్కడి నుంచి నాలుగు దశాబ్దాలకు పైబడిన కథ ప్రయాణికుల సంఖ్య కథే. 1964లో బుల్లెట్ రైలుతోపాటు షిన్ ఒసాకాకూ, 1970లో ప్రపంచ ప్రదర్శన సందర్భంగా ఎసకాకూ మార్గం పెరిగింది. 1969 మార్చి చివరికి ఒసాకా వీధుల్లో ట్రాములు పూర్తిగా నిలిచిపోవడంతో వాటి ప్రయాణికులు నేల కిందికి దిగారు. రైళ్లకు పెట్టెలు ఒక్కొక్కటిగా జతకూడుతూ 1990ల మధ్యకు పదికి చేరాయి. జపాన్‌లోని ఇతర నగరాల్లో ఇలాంటి ప్రతి పెంపుకూ నడుస్తున్న రైళ్ల పక్కనే రాత్రిపూట ప్లాట్‌ఫాంలు పొడిగించడానికి, గోడలు పగలగొట్టడానికి అపారమైన వ్యయం అయింది. షిన్‌సాయ్‌బాషిలో 1930ల తొలినాళ్ల కాంక్రీటు పెట్టె అరవై ఏళ్ల తర్వాతి రైలును తనలో ఇముడ్చుకోగలిగింది. దుబారా అన్న ఆక్షేపణకు జవాబు రావడానికి అంత కాలం పట్టింది.

ఈలోగా స్టేషన్‌కు పేరిచ్చిన కాలువ కనుమరుగైంది. సరుకు లారీలకు మారాక పనిలేని కాలువలను పూడ్చి రోడ్లు చేయడం ఆనాటి జపాన్ నగరాలన్నిటా జరిగినదే. నగహొరి కూడా 1960ల తొలినాళ్లలో విశాలమైన వీధి అయింది. 1909 నాటి రాతి వంతెనను విప్పి, దాని పిట్టగోడ రాళ్లను వీధిని దాటే పాదచారుల వంతెనకు వాడారు. 1996 డిసెంబరులో ఆ పూడ్చిన కాలువ దారిగుండానే తూర్పు పడమరలుగా నగహొరి త్సురుమిర్యొకుచి మార్గం వచ్చి పాత స్టేషన్ కిందుగా కలిసింది. జపాన్ భూగర్భ రైళ్లలో లీనియర్ మోటార్‌తో నడిచే తొలి మార్గం ఇది: పెట్టె అడుగున పరిచిన విద్యుదయస్కాంతాలకూ, పట్టాల మధ్య వేసిన లోహపు పలకకూ మధ్య పుట్టే బలం రైలును ముందుకు నెడుతుంది కనుక పెద్ద మోటార్లు అక్కరలేక పెట్టె ఎత్తు తగ్గుతుంది, దానితో సొరంగమూ ఇరుకవుతుంది. పై అంతస్తు స్టేషన్ విశాలతను నమ్ముకుంటే కింది స్టేషన్ పొదుపును నమ్ముకుంది. ఒకే పేరుకింద రెండు కాలాల ఆర్థిక తర్కం పక్కపక్కన ఉండడం పరిశీలకుడికి ఎంతో విలువైన విషయం. 1997లో ఆ పైన సుమారు 730 మీటర్ల పొడవున భూగర్భ అంగడివీధి తెరుచుకుంది, రాతి వంతెన ఆనవాళ్లను దాని నెత్తిన వీధిలో మళ్లీ నిలిపారు. 1873 నాటి ఇనుప వంతెన మరికొన్ని చోట్ల సేవ చేసి, చివరకు ఇదే కొత్త మార్గం చేరే త్సురుమి పార్కులో కాలిబాట వంతెనగా నిలిచి ఉంది.

2018 ఏప్రిల్ 1న ఒసాకా నగరం తన రవాణా శాఖను రద్దుచేసి, భూగర్భ రైళ్లను ఒసాకా మెట్రో అనే కంపెనీకి అప్పగించింది. వాటాలన్నీ నగరానివే అయినా, 1903 నుంచి సాగిన సొంత నిర్వహణ అంతటితో ముగిసింది. అదే ఏడాది చివర్లో కంపెనీ మిదోసుజి మార్గంలోని స్టేషన్లకు కొత్త రూపాలు ప్రకటించినప్పుడు, షిన్‌సాయ్‌బాషి కమాను కప్పు మీద వస్త్రాల నేతను తలపించే రంగుల నమూనాలు పరిచిన చిత్రం నగరవాసులకు రుచించలేదు. పాత కమానులనూ దీపగుచ్ఛాలనూ కాపాడాలని సంతకాలు సేకరించారు, వాస్తుశిల్పులు గొంతు కలిపారు. కంపెనీ వెనక్కి తగ్గి 2019లో నమూనాలను సవరించింది. పాత వర్తకవీధి బట్టల వ్యాపార గతాన్ని గుర్తుచేయాలన్నది కంపెనీ చెప్పిన ఉద్దేశం. ఆ గతాన్ని గౌరవించడంలో తప్పు లేదు గాని, దాన్ని చూపడానికి కప్పును కప్పేయడం అనవసరం. ఆ కప్పు కోసం సుంకం చెల్లించినవారిలో సెన్‌బా, షిన్‌సాయ్‌బాషిల బట్టల వర్తకులూ ఉన్నారు.